చెప్పులు ఎక్కడ విప్పుతారు?

షుగరున్నవాళ్ల పాదాలకు పుళ్లు పడకుండా ఏం చేయాలన్నది మా పరిశోధన. ప్రశ్నలు మేమే తయారుచేసుకుని మేమే మెచ్చుకోవడం చాలించి, రోగుల్ని కూర్చోబెట్టి సలహా అడగమని పైనుంచి చెప్పారు. సలహాలు అడగడానికి నేను తెనాలిలో రైలెక్కుతున్నానంటే మా ఇంట్లో అందరూ నవ్వారు. వినే అలవాటు నాకు లేదని వాళ్లకు తెలుసు.

మొదటి సమావేశం బాపట్లలో.

"ప్రశ్నల్లో ఏమైనా మార్చాలా?"

"అక్కర్లేదండి."

"రోజూ చెప్పులు వేసుకుంటారా?"

"ఏసుకుంటామండి."

మా వైపు 'అండి' తగిలిస్తే అబద్ధం కూడా మర్యాదగానే ఉంటుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ సంగతి తెలిసిన నేనే, సంబరంగా అందరికీ టిఫిన్ పెట్టించి వచ్చేశాను.

రెండోది రేపల్లెలో, చర్చి పక్క హాల్లో. నేల మాసిపోతుందని 'చెప్పులు ఇక్కడే విడవండి' అని రాసి గేటుకు అంటించింది నేనే. గేటు నుంచి హాలుదాకా సిమెంటు గచ్చు, మిట్టమధ్యాహ్నం ఎండ. నేను గెంతులు వేసుకుంటూ లోపలికొచ్చి పడ్డాను. సలహా చెప్పడానికొచ్చిన రోగులు మాత్రం నింపాదిగా నడిచివచ్చారు. ఎంత నెమ్మదస్తులో అనుకున్నాను.

చెప్పుల ప్రశ్న మళ్లీ అడిగాను. చేపలమ్మే పెద్దావిడ ఒకామె పకపకా నవ్వింది.

"ఏంటి పిన్నీ?" అన్నాను ఉడుక్కుంటూ.

"ఏసుకుంటామమ్మా. ఇప్పించేది మీరేగా! ఇంట్లో ఇప్పాలి, పడవలో ఇప్పాలి, గుళ్లో ఇప్పాలి, ఆఖరికి డాక్టరుగారి గది బయట కూడా ఇప్పాలి. ఎక్కడ ఇప్పుతారో అడగాల గానీ, ఏసుకుంటారా అనడిగితే ఏం చెప్తాం?"

హాలంతా ఘొల్లుమంది. నాకు సిగ్గూ సంతోషమూ కలిసే వచ్చాయి. ఆ ప్రశ్న ఆమె చేతే రాయిద్దామని ముందుకు పిలిచాను. వచ్చి కూర్చుని కాలు మడిచింది. అరికాలి మీద రూపాయి బిళ్లంత బొబ్బ.

"పిన్నీ, గచ్చు కాల్లేదా?"

"కాలిందా? తెలవలేదే." ఆమె కూడా వంగి చూసుకుంది. నవ్వు పోయింది. "కాలు తీసేత్తారా అమ్మా?"

తియ్యరన్నాను. నాకు మాత్రం ఏం తెలుసు? పాదాలు కాపాడతానని వచ్చి, షుగరుతో స్పర్శ పోయిన ఆమె కాలు చేజేతులా కాల్చాను.

పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. వారం వారం వెళ్లి నేనే ఆస్పత్రికి తీసుకెళ్లాను. చివరి పట్టీ విప్పించుకునే రోజు, డాక్టరుగారి గుమ్మం ముందు అలవాటుగా వంగి నా చెప్పులు విప్పబోయాను. ఆమె నా రెక్క పుచ్చుకుని, చెప్పులతోనే లోపలికి లాక్కెళ్లింది.