వెర్లీన్ గడ్డం గీయడం నేర్చుకున్న ఏడాది

మా జాక్సన్ ఊళ్ళో వెర్లీన్ స్టకీ చేతి వంట తినకుండా పెద్దవాళ్ళయిన పిల్లలు తక్కువ. చాలా ఏళ్ళు బడి వంటశాలలో పనిచేసింది. రిటైరైన వేసవిలోనే ఆమె తమ్ముడు క్లియోఫస్ పోయాడు. శవపేటికలో పడుకోబెట్టిన అతన్ని చూసి వెర్లీన్ ఏడవలేదు, మండిపడింది. శవాన్ని ముస్తాబు చేసినవాళ్ళెవరో నుదుటి మీద జుట్టు వంకరటింకరగా కోసి, మీసం సగం ఎగరగొట్టారు.

"ఆ పెట్టెలో ఉన్నవాడెవడో నాకు తెలీదు" అంది ఇంటికొచ్చాక.

సెప్టెంబరు రాగానే బార్బర్ స్కూల్లో చేరింది. అక్కడి మాస్టారు హోసియా లైల్ చిన్నప్పుడు ఆమె చేతి తిండి తిన్నవాడే.

"మిస్ వెర్లీన్, మీకు నేను పాఠం చెప్పడమేంటండీ?"

"చెప్పు నాన్నా. తప్పు చేస్తే తిట్టు. నువ్వు బీన్స్ పారబోస్తే నేను తిట్టలేదా?"

మిషను కటింగు ఆమెకు తొందరగానే పట్టుబడింది. కత్తితోనే చిక్కొచ్చింది. చెయ్యి తిరగడానికి ముందు గాలి ఊదిన బెలూనుకు సబ్బు నురగ పూసి, పగలకుండా గీయాలి. ఆమె బెలూన్లు ఢామ్మని పేలుతుంటే తోటి కుర్రాళ్ళు పడీపడీ నవ్వేవారు. "ఇవాళ ఎంతమందిని చంపావు మిస్ వెర్లీన్?"

"నోర్మూసుకోండి. తర్వాత మీ వంతే."

స్కూలుకు గడ్డం గీయించుకోవడానికి వచ్చేవాళ్ళలో రైల్వేలో పనిచేసి రిటైరైన ఎలైజా పెట్వే ఒకడు. "ఆడదాని కత్తి కింద నా గొంతు పెట్టను" అని ప్రతిసారీ పక్క కుర్చీకే పోయేవాడు. అతని చేతులకు వణుకు మొదలయ్యాక ఒక శనివారం, ఇంట్లో తనే గీసుకోబోయి చుబుకమంతా గాట్లతో వచ్చాడు. మర్నాడు మనవరాలి పెళ్ళి. వెర్లీన్ కుర్చీ ఒక్కటే ఖాళీగా ఉంది. గొణుక్కుంటూ కూర్చున్నాడు.

వేడి తువ్వాలు తీసి, చర్మం బిగించి పట్టుకుని గీయసాగింది. గొంతు దగ్గరకొచ్చాక ఆగిపోయింది.

"ఏం, ఆగావెందుకు?" అన్నాడు కళ్ళు మూసుకునే.

"నీ నరం కొట్టుకోవడం కనబడుతోంది."

"కొట్టుకుంటోందిగా, సంతోషం. కానీయ్ మరి."

ఆమె గీయడం పూర్తిచేసేసరికి పెట్వే గుర్రు పెడుతున్నాడు.

లైసెన్సు పరీక్షలో మాత్రం మొదటిసారి తప్పింది. ఒక్క గాటూ పడలేదు కానీ, ఆమె ఒక చెంప ముగించేలోపే సమయం అయిపోయింది.

హోసియా ఆమె పక్కన కూర్చున్నాడు. "ఆ కుర్చీలో ఉన్నది మీ తమ్ముడు కాదండీ. అందరి మొహాల్లో ఆయన్నే చూసుకుంటే చెయ్యి కదలదు."

"పోయినవాళ్ళకి చేద్దామనే వచ్చాను హోసియా. ఇప్పుడు మనసు మారింది. బతికున్నవాళ్ళు కసురుకుంటారు, కబుర్లు చెప్తారు, కుర్చీలోనే నిద్రపోతారు. నాకు వీళ్ళే బాగున్నారు."

అప్పుడు ఏడ్చింది, తమ్ముడు పోయాక మొదటిసారి. హోసియా తువ్వాలు అందించి, బయట కుర్రాళ్ళు లోపలికి రాకుండా తలుపు దగ్గర నిలబడ్డాడు.

వసంతంలో మళ్ళీ పరీక్షకు వెళ్ళింది. ఈసారి చేతికి వేగం వచ్చింది, తడబాటు లేదు. పాసైంది.

ఇప్పుడు బస్టాండు దగ్గరి షాపులో ఆమెకో కుర్చీ ఉంది. సోమవారాలు షాపు మూసేస్తారు. ఆ రోజు వృద్ధాశ్రమానికి వెళ్ళి, కత్తి పట్టుకోలేని మగవాళ్ళకు గడ్డాలు గీస్తుంది. వాళ్ళు ఆమె రాకముందే చొక్కా కాలర్లు లోపలికి మడుచుకుని, కిటికీ వైపు వరసగా కూర్చుంటారు.