సరోజ అడిగిన కేస్ షీట్

ముప్ఫై ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా చేసిన సరోజకు కాగితాలంటే ఎంత పట్టింపో మొవ్వ పక్కన వాళ్ల ఊళ్లో అందరికీ తెలుసు. ఏ పిల్ల ఎన్ని కిలోలుందో, ఏ టీకా ఎప్పుడు వేశారో రిజిస్టరులో రాయడమే కాదు, తల్లి వచ్చి అడిగితే పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించేది. అలాంటి మనిషిని, కట్టుకున్న మొగుడి కాగితాల కోసం బందరులో ఓ ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు మూడుసార్లు తిప్పారు. ఒళ్లు మండదా మరి?

కిందటి ఏడాది ఆమె భర్త ఏసుపాదానికి అక్కడ హెర్నియా ఆపరేషన్ మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. "ఏదో మందు పడలేదమ్మా, ఇప్పుడు బాగానే ఉన్నాడు" అని ఇంటికి పంపేశారు. చేతిలో పెట్టిన ఒక్క కాగితంలో ఆ మందు పేరు లేదు. ఇప్పుడు హెర్నియా ముదిరింది. గుడివాడ డాక్టరు ఆపరేషన్ చేస్తానన్నాడు గానీ ముందే చెప్పేశాడు.

"ఏ మందు పడలేదో తెలియకుండా మత్తిస్తే ప్రాణం మీదికొస్తుందండీ. పాత కేస్ షీట్ తెండి. తొందరగా తేవాలి, పేగు ఇరుక్కుంటే ఇంక టైముండదు."

బందరు ఆసుపత్రి కౌంటరులో మనిషి కంప్యూటరు చూసి, "బంధువుగా సంతకం పెట్టిన గంగరాజు గారు రావాలండీ. పేషెంటు బావమరిది కదా ఆయన?" అన్నాడు.

"బావమరిదేంటండీ! ఆయన మా ఊరి ఆరెంపీ డాక్టరు. నేను అన్నయ్యా అని పిలుస్తాను, అంతే. పెళ్లాన్ని నేనిక్కడుంటే!"

తప్పులో తన పాలూ ఉంది. అదే ఆమెను ఇంకా మండించింది. ఆ రోజు నర్సు వచ్చి సంతకం ఎవరు పెడతారని అడిగితే, "అన్నయ్య పెడతాడులెండి" అన్నది తనే. వరసలు కలిపి పిలుచుకోవడం ఊళ్లో మామూలే. పాతికేళ్లుగా ఇంటికొచ్చి సూదులు వేస్తున్న గంగరాజు అన్నయ్య కాక మరెవరు? ఊరి రోగులందర్నీ ఆ ఆసుపత్రికే తీసుకెళ్లేదీ ఆ అన్నయ్యే.

వచ్చి కాగితాలిప్పించమని అడగబోతే గంగరాజు నవ్వాడు. "ఎందుకు చెల్లెమ్మా ఆ గొడవ? రేపు వాళ్లతో మనకి పనుంటుంది."

"మనకా, నీకా?" అని మొహం మీదే అడిగేసి వచ్చింది.

మేనకోడలు క్రిస్టినా గుడివాడలో డిగ్రీ చదువుతోంది. మెడికల్ కౌన్సిల్ నిబంధనలు ఫోనులో వెతికి పట్టుకున్నది ఆ పిల్లే. పేషెంటు గానీ, అతను అనుమతించిన మనిషి గానీ అడిగితే డెబ్బై రెండు గంటల్లో రికార్డులివ్వాలట. సరోజ ప్రింటు తీయించి ఆ వాక్యం కింద ఎర్రగా గీత గీసింది. పేషెంటు బతికుండగా లేని బావమరిదిని రమ్మంటారా! ఏసుపాదం చేత దరఖాస్తు మీద సంతకం పెట్టించి, మర్నాడే తీసుకెళ్లి కౌంటరులో ఇచ్చింది.

"అందినట్టు ముద్రేసి టైము రాయండి. రాసేదాకా ఇక్కణ్ణుంచి కదల్ను."

వెనక జనం పోగయ్యారు. ముద్ర పడింది.

మూడో రోజు క్రిస్టినాను వెంటబెట్టుకుని వెళ్తే జిరాక్సులు చేతికొచ్చాయి. నాలుగో పేజీలో మందు పేరుంది. ఆ పిల్ల అక్కడికక్కడే ఫోటో తీసి గుడివాడ డాక్టరుకు పంపింది. సోమవారం ఆపరేషన్ పెట్టుకుందామని జవాబొచ్చింది. సరోజ మాత్రం ఆ పేరు కింద ఇంగ్లీషులో రాసిన వాక్యాన్ని మళ్లీ చదవమంది. ఈ మందు మరెప్పుడూ ఇవ్వకూడదని బంధువుకు చెప్పాం అని ఉంది. పక్కనే గంగరాజు సంతకం. ఏడాదిగా తమ ఇంట్లో టీ తాగి వెళ్తున్న మనిషి ఒక్కనాడూ ఆ మాట చెప్పలేదు.

అంతలో, కిందటి ఏడాది ఆ ఆపరేషన్ మొదలుపెట్టిన డాక్టరు అటు వెళ్తూ కనిపించాడు. సరోజ ఆ పేజీ పట్టుకుని అడ్డంగా నిలబడింది.

"ఆ రోజు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మీ తలుపు బయటే కూర్చున్నానండీ. పక్కనుంచి నాలుగుసార్లు వెళ్లారు మీరు. ఈ ఒక్క ముక్క నాకు చెప్పడానికి మీకు నోరు రాలేదా?"