మన లోపలి కాపురస్తులు

బాక్టీరియాను పెంచే ఇంక్యుబేటర్ తలుపు తీయగానే ముఖానికి కొట్టే ఆ వెచ్చని పులిసిన వాసనకు ఇన్నేళ్ళయినా నేను అలవాటు పడలేదు. ఆ వాసన తగిలిందంటే చాలు, సుందరి మేడమ్ చెప్పుల చప్పుడు వినిపిస్తుంది. రాజమండ్రిలో మా ల్యాబుకు ఆవిడే పెద్ద. కుదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. బాక్టీరియా పెరిగిన గాజు ప్లేటు చేత్తో పట్టుకుని కిటికీకీ బల్లకీ మధ్య తిరుగుతూనే మాట్లాడేవారు. చేరిన కొత్తలో నేను ముక్కు మూసుకుంటే, "మూసుకుంటే ఎలాగండీ, ఇవి మీ కడుపులోనూ ఉన్నాయి. రోజూ మీరు తిన్న అన్నమే తింటున్నాయి" అన్నారు.

జబ్బు చేసే క్రిములను వెతకడానికే ల్యాబులున్నాయని అనుకునేదాన్ని. ఆవిడ దిగులంతా జబ్బు చేయని వాటి గురించే. మన పేగుల్లో కాపురముండి ఎవరి జోలికీ పోని బాక్టీరియా కూడా మనం మింగే ప్రతి యాంటీబయాటిక్‌నూ చవిచూస్తుందనీ, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయనీ, ఆ విద్యను పక్కనున్న చెడ్డవాటికీ నేర్పుతాయనీ చెప్పేవారు. నేను తల ఊపేదాన్ని. ఊపడానికేముంది, పరీక్షల్లో రాసిన సంగతే కదా.

నాన్నది మెయిన్ రోడ్డులో మందుల షాపు. షీటు మొత్తం కొనేవాళ్ళు తక్కువ. రెండు బిళ్ళలు చాలంటే కత్తెరతో కత్తిరించి ఇచ్చేవారు. చివరికి పేరూ తేదీ తెగిపోయిన ముక్కలు మిగిలేవి. అవి అమ్మకూడదు, కంపెనీవాళ్ళు వెనక్కి తీసుకోరు. పారేయడానికి చేతులు రాక నాన్న వాటిని ఓ డబ్బాలో వేసి ఇంటికి తెచ్చేవారు. ఏది ఏమిటో ఆయనకు రంగు చూస్తే తెలిసిపోయేది. గొంతు గరగరలాడినా, ఒళ్ళు కాస్త వెచ్చబడినా మా ఇంటిల్లిపాదికీ అందులోని యాంటీబయాటిక్కే మందు. "ఒంట్లోకి పోతే నష్టమేంటమ్మా, చెత్తబుట్టలోకి పోతే నష్టం గానీ" అనేవారు.

ఆ నాన్నకు ప్రోస్టేట్ గ్రంథి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారు. సూది పేగు గోడలోంచి వెళ్తుందట. ముందు మామూలుగా ఇచ్చే యాంటీబయాటిక్ బిళ్ళ వేసుకుని రమ్మన్నారు. ఆ మాట యథాలాపంగా మేడమ్‌తో అన్నాను. ఆవిడ నడక ఆగింది.

"పేగులో ఉన్నవి ఆ సూదితో రక్తంలోకి పోతాయి కదండీ. ఆ బిళ్ళకి అవి చస్తాయని ఎవరు చెప్పారు?"

"నాన్న ఆరోగ్యంగానే ఉన్నారు మేడమ్."

"ఆరోగ్యంగా ఉన్నారు కాబట్టే అడుగుతున్నానండి. ఆయన మలం శాంపిల్ తీసుకురండి. రిపోర్టు వచ్చేదాకా ఆ పని ఆపించండి."

నాన్నను ఒప్పించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ప్లేటు నేనే పెట్టాను. డాక్టరు రాసిన మందే అద్దిన కాగితపు బిళ్ళ చుట్టూ బాక్టీరియా చచ్చి ఖాళీ వలయం ఏర్పడాలి. మర్నాడు చూస్తే బిళ్ళ అంచుదాకా దట్టంగా పెరిగి ఉన్నాయి. ప్లేటు తీసుకెళ్ళి చూపించి, నాన్న డబ్బా సంగతంతా చెప్పేశాను. మేడమ్ అప్పటికప్పుడు డాక్టరుగారికి ఫోన్ చేసి, అవి లొంగే ఇంజెక్షన్‌కు మార్పించారు. నాన్న క్షేమంగా ఇంటికొచ్చారు. గ్రంథిలోనూ ఏమీ లేదని తేలింది. ఆ సంతోషంలో నాన్న కాజాల పెట్టె పట్టుకుని ల్యాబుకు వస్తే, మేడమ్ దాన్ని అందుకోకుండానే "ఆ డబ్బా తీసేశారాండీ?" అని అడిగారు. నాన్న తల దించుకుని "తీసేశానండి" అన్నారు.

హమ్మయ్య అనుకునేలోపు ఆవిడ నా వైపు తిరిగారు. "అందులోవి మీరూ మింగారు కదండీ. మీది పెట్టి చూశారా?"

పెట్టాను. నాదీ అంతే.

"ఇవి పోతాయా మేడమ్?"

"అనవసరంగా మందుల జోలికి వెళ్ళకపోతే మెల్లగా తగ్గొచ్చండి. పూర్తిగా పోతాయని నేను మాటివ్వలేను."

అబద్ధం చెప్పి ఓదార్చడం ఆవిడకు చేతకాదు. ఆ రోజు నాకు చాలా కోపం వచ్చింది. ఇప్పుడు ఆ గుణానికే ఆవిడ మీద నాకు బెంగ.

మేడమ్ లేరు. ఆవిడ దిగులు నాకు అంటుకుంది. మా అమ్మాయి బడికి వెళ్తోంది. దానికి అవసరం లేని మందు ఒక్కటీ పడనివ్వలేదు. కానీ అన్నప్రాసన అయినప్పటినుంచీ అన్నం కలిపి ముద్దలు పెట్టింది నా చేత్తోనే. నాలో ఉన్నవి దానికి చేరాయో లేదో ఒక్క ప్లేటు పెడితే తెలిసిపోతుంది. రోజూ ఊరందరివీ పెడుతున్నాను. దానిది మాత్రం ఇంతవరకూ పెట్టలేదు. మేడమ్ ఉంటే ఈపాటికి పెట్టించేవారు.