మట్టి కుంగే దాకా

గ్రీన్ కార్డు అంటారు గానీ నాకిచ్చింది పచ్చగా ఏమీ లేదు. నా ఫొటో, వేలిముద్ర, ఒక నంబరు, అంతే. అమెరికాలో నర్సుగా చేరిన కొన్నాళ్ళకు వచ్చింది. దాంతోపాటు రెండు వైపులా అచ్చేసిన కాగితం ఒకటి వచ్చింది. మందు సీసా మీది చీటీ మూడుసార్లు చదవనిదే రోగి నోట్లో చుక్క పోయని మనిషిని, ఆ కాగితాన్ని ఒక్కసారి కూడా చివరిదాకా చదవలేదు. పర్మినెంటు అన్న మాట కనబడింది, చాలనుకున్నాను. మావైపు టీచరు ఉద్యోగం పర్మినెంటయితే దేవుడు దిగొచ్చినా తీయలేడని నమ్మకం. జీతం లేని సెలవు పెట్టి ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చుని, మళ్ళీ వెళ్ళి అదే కుర్చీలో కూర్చున్నవాళ్ళను నేనే చూశాను. దేశం కూడా అలాంటిదే అనుకున్నాను.

ఎనభైల మొదట్లో, మార్చి నెలలో, అక్కకు బాగాలేదని టెలిగ్రాం వచ్చింది. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అక్కే మిరపకోతలకు వెళ్ళి నన్ను నర్సు ట్రైనింగు దాకా చదివించింది. కోతల రోజుల్లో చేతులు మండుతుంటాయని నా తల ముట్టుకునేది కాదు, పక్కింటావిడ చేత జడ వేయించేది. అద్దంకి దగ్గర మా పల్లెకు చేరి, మంచం మీద ఆమె పొట్ట నొక్కి చూడగానే నాకు విషయం తెలిసిపోయింది. పద్దెనిమిది రోజులు బతికింది.

పోయిన రోజు కళ్ళు మూసింది నేనే. దవడ కట్టాను, ఒళ్ళు తుడిచాను, చీర కట్టాను. వార్డులో ఎవరికైనా అలాగే చేస్తాను. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. చర్చి అయ్యగారు ప్రార్థన చేస్తుంటే నేను గోడ మీద గడియారంలో ముల్లు తిరగడం చూస్తూ నిలబడ్డాను.

మా సమాధుల దొడ్డి పత్తిచేల మధ్య ఉంటుంది. అంతా నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. అందుకని మావాళ్ళు సమాధి మీద వెంటనే రాయి వేయరు. ఏడాది తిరిగాక, జ్ఞాపకార్థ కూడిక రోజున వేస్తారు. బావ మార్టూరులో రాళ్ళకు పాలిష్ పట్టే పని చేసేవాడు. యజమానిని అడిగి, అంచు విరిగిన పలక ఒకటి తెచ్చుకున్నాడు.

"ఇప్పుడే ఏస్తే వానలకి మట్టి కుంగి రాయి రెండు ముక్కలవుద్దమ్మా," అన్నాడు. "రేగడి సంగతి నీకు తెలీంది కాదుగా. ఏడాది ఆగాలి. దాని తరపున ఉన్నదానివి నువ్వొక్కదానివే. రాయి ఏసిందాకా ఉండు."

ఉన్నాను. ప్రేమ కొద్దీ ఉండిపోయానని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది. నిజం చెప్పాలంటే, ఆ నెలల్లో ఉండటానికీ వెళ్ళడానికీ నాకు పెద్ద తేడా తెలియలేదు. పెట్టింది తినేదాన్ని. ఎవరికైనా జ్వరమొస్తే చూసొచ్చేదాన్ని. తిరిగి వెళ్ళనని మాత్రం ఒక్కనాడూ అనుకోలేదు. అక్కడ నాకొక గది ఉంది. చిన్నది, కిటికీలోంచి ఎదురింటి గోడ తప్ప ఏమీ కనిపించదు. కానీ నా బతుకులో ఇది నాది అని తలుపు వేసుకున్న గది అదొక్కటే. తోటి నర్సు ఒకామె దాన్ని చూసుకుంటూ ఉంది. ఎప్పుడొచ్చినా డ్యూటీ ఇస్తామని ఆస్పత్రివాళ్ళు ఉత్తరం రాశారు. ఇక తొందరేముంది?

వానలు పడ్డాయి, సమాధి మీది మట్టి జానెడు కుంగింది. బావ తట్టతో మట్టి పోసి తొక్కాడు. మళ్ళీ కుంగింది, మళ్ళీ పోశాడు. కల్లాల్లో మిరపకాయలు ఎండే వేళకు ఏడాది నిండింది. నలుగురు కలిసి రాయి దించారు. బావ దాని అంచు మీద నిలబడి బరువంతా మోపి చూసి, "ఇహ కదల్దు," అన్నాడు. అందరం భోజనాలు చేశాం.

తర్వాతి వారం టిక్కెట్టు కోసం గుంటూరు వెళ్ళాను. టిక్కెట్ల ఆఫీసులో గుమాస్తా నా పాస్‌పోర్టు తిరగేసి, ముద్ర మీది తేదీ చూసి, వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు.

"సిస్టరుగారూ, మీరు బయల్దేరి ఏడాది దాటిపోయిందండీ. ఈ కార్డు మీద అయితే ఏడాదిలోపే తిరిగెళ్ళాలి. ఎక్కువుండేటట్టయితే బయల్దేరకముందే అక్కడ పర్మిట్టు తీసుకోవాల్సింది. మీకెవరూ చెప్పలేదాండీ?"

"చెప్పారు. అచ్చేసి చేతికిచ్చారు," అన్నాను.

అతను పాపం మంచివాడు. మద్రాసులో అమెరికావాళ్ళ ఆఫీసుకు వెళ్ళి అడగమన్నాడు. గొంతు తగ్గించి, "జబ్బు చేసిందని డాక్టరు సర్టిఫికెట్టు పెట్టండి, మీ ఆస్పత్రుల్లో ఎవరో ఒకరు ఇస్తారుగా," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నేను చూసిన జబ్బుల్లో ఏది రాయమంటారో మీరే చెప్పండి అన్నాను. అతను తల దించుకుని టిక్కెట్టు పుస్తకం సర్దుకున్నాడు.

మద్రాసులో ఆఫీసరు మర్యాదగా కూర్చోమన్నాడు. మీ చేతిలో లేని కారణం వల్ల ఆలస్యమైందా, అదొక్కటే చూస్తాం అన్నాడు. నేను నల్లరేగడి గురించి చెప్పాను. మట్టి కుంగడం, రాయి పగలడం, ఏడాది ఆగడం, అన్నీ. శ్రద్ధగా రాసుకున్నాడు.

"మీరు లేకపోతే ఆ రాయి వేయరా?"

"వేస్తారు."

"మిమ్మల్ని వెళ్ళకుండా ఎవరైనా ఆపారా?"

"లేదు."

కలం పట్టుకుని కాసేపు నా వంక చూశాడు. ఇంకేదైనా చెబుతానని కాబోలు. ఈ కార్డు ఇక చెల్లదు, కావాలంటే మొదటినుంచి మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఏళ్ళు పడుతుంది అన్నాడు. కార్డు అప్పగిస్తున్నానని రాసి ఉన్న కాగితం ఒకటి ఇచ్చాడు. ఈసారి రెండు వైపులా పూర్తిగా చదివి సంతకం పెట్టాను. కార్డు తీసుకుని ఫైల్లో పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి బావ గుమ్మంలోనే ఉన్నాడు. కార్డు తీసేసుకున్నారని చెప్పాను. "నేను ఉండమనకుండా ఉండాల్సిందమ్మా," అన్నాడు.

"నీ వల్ల కాదులే బావా. నాకు చదువొచ్చు," అన్నాను.

మర్నాడు పొద్దున సమాధుల దొడ్డికి వెళ్ళి రాయి పక్కన కూర్చున్నాను. ఎందుకెళ్ళానో తెలియదు. ఏడుపు వచ్చింది. కడుపులోంచి పెద్దగా, సిగ్గు లేకుండా వచ్చింది. కోతకు వెళ్తున్న ఆడవాళ్ళు విని గబగబా వచ్చారు. "ఊరుకోమ్మా, ఊరుకో. ఏడాదైనా అక్కని మర్చిపోలేకపోతున్నావే తల్లీ," అంటూ ఒకావిడ నన్ను గుండెకు అదుముకుంది. అక్క పోయినప్పుడు రాని ఏడుపు అది. ఆ గది కోసం ఏడుస్తున్నానని నేను వాళ్ళకు చెప్పలేదు.