ముక్కు మూసుకునేవాళ్ళకు చెప్పిన బుర్రకథ

బందరు దగ్గరి మత్స్యకార పల్లెలో బుర్రకథ చెప్పి అక్కడి ఆడవాళ్ళను మేల్కొలిపామని విజయవాడలో మమ్మల్ని తెగ మెచ్చుకుంటున్నారు. శుద్ధ అబద్ధం. వాళ్ళు కోడి కూయకముందే లేస్తారు. రైల్లో గుర్రుపెట్టింది మేమే.

సంగతి ఇది. ఆ పల్లె నుంచి బందరు వెళ్ళే పొద్దుటి బస్సులో చేపలబుట్టలు ఎక్కనివ్వడం లేదు. ప్రయాణికులు కంపు కొడుతోందని గొడవ చేస్తే కండక్టరు దించేస్తున్నాడు. ఆటోలో పోతే లాభమంతా ఆటోకే. అక్కడ మహిళాసంఘం నడిపే వెంకాయమ్మ ఫోన్ చేసి, దీనిమీద కథ కట్టమంది.

కథ చెప్పేది సుజాత. హాస్యం వన్ టౌన్‌లో దర్జీ పని చేసే ఖాదర్ గారిది. రాజకీయం చెప్పే వంత నేను. నోరు పెద్దదని నాకిచ్చారు. శనివారం మధ్యాహ్నం భవానీపురంలో సిటీ బస్సెక్కి స్టేషన్‌కు వెళ్ళి, బందరు పాసింజరు పట్టుకున్నాం. పై బెర్తు మీద పెట్టిన గుమ్మెటలను చూసి ఎదుటి పెద్దాయన, "కుండలా అమ్మా?" అన్నాడు.

"వండితే కాదండీ, వాయిస్తే అన్నం పెడతాయి," అన్నారు ఖాదర్ గారు.

గుడివాడ దాటాక పొలాలకంటే చేపల చెరువులే ఎక్కువ. బందరులో దిగి షేర్ ఆటోలో పల్లె చేరేసరికి దీపాలు పెట్టారు. బస వెంకాయమ్మ ఇంట్లోనే. రొయ్యల ఇగురుతో అన్నం తిని, వాకిట్లో కథ ఒకసారి చెప్పి చూపించాం. "మేలుకో చెల్లెలా" అని సుజాత ఎత్తుకోగానే వెంకాయమ్మ చెయ్యెత్తింది.

"ఆగండాగండి. మేం పడుకున్నామని మీకెవురు చెప్పారండీ? బుట్ట దించేస్తన్నారని మాకు తెలవదా? ముక్కు మూసుకునేవోళ్ళకి చెప్పండి, మాకెందుకు?"

"మీకోసమే కదా కట్టాం!" అన్నాను.

"మాకోసమైతే మేం చెప్పినచోట పాడండి. పొద్దున్న బస్సుకాడ."

చాలాసేపు వాదించాను. నెగ్గలేదు. మేలుకొలుపు తీసేశాం.

ఆరున్నరకల్లా బస్టాపులో గజ్జెలు కట్టాం. ఖాదర్ గారు ముక్కు మూసుకుని, "పులుసులో పడ్డాక ఈ కంపు ఎటు పోద్ది వదినా?" అనేసరికి ఒకటే నవ్వులు. టిఫిన్ క్యారియరుతో నిలబడ్డ ఒకాయన అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. బస్సొచ్చింది. బుట్టలు ఎత్తారు. అంతలో ఆయనే మెట్టుకు అడ్డం నిలబడి, "కథ బాగుందమ్మా. బుట్టలు మాత్రం దించెయ్యండి," అన్నాడు.

"అంత ఇబ్బందైతే తమరు ఆటోలో రండి బాబూ, గాలి బాగా ఆడుద్ది," అంది వెంకాయమ్మ, బుట్ట నెత్తిమీద నుంచి దించకుండానే.

లోపల ఎవరో కిసుక్కుమన్నారు. వెనకసీటులోని ఇద్దరాడవాళ్ళు కాళ్ళు ముడుచుకుని చోటిచ్చారు. కండక్టరు అటూ ఇటూ చూసి లగేజీ టిక్కెట్లు కొట్టాడు. ఆ పెద్దమనిషి బందరుదాకా ముక్కుమీది రుమాలు తియ్యలేదు. బుట్టలు ఇప్పుడూ ఎక్కుతున్నాయట; రోజూ ఎవరో ఒకరితో తగువు మాత్రం తప్పడం లేదట.

బందరులో పెసరట్టు తిని తిరుగు రైలెక్కాం. నాకు తోచిందేమంటే, మా పాట మనసులేమీ మార్చలేదు. పదిమంది ముందు కాదనడాన్ని కాస్త కష్టం చేసింది, అంతే. అదీ తక్కువేం కాదు. కానీ ఆ క్యారియరాయన చప్పట్లు నన్ను వదల్లేదు.

"ఆయన చప్పట్లు నా హాస్యానికేనమ్మా," అన్నారు ఖాదర్ గారు.

"నా గొంతుకి," అంది సుజాత.

మేం చెప్పిందంతా బుట్ట గురించే. బుట్ట వద్దన్న మనిషి మరి దేనికి చప్పట్లు కొట్టినట్టు?