కొబ్బరిలౌజు పాటకు జవాబు

నా చిన్నప్పుడు మా ఇంటికి పోస్టులో ఒక పుస్తకం వచ్చింది. దాని మూలంగా మా మామ్మ చాలా రోజులు వీధి గుమ్మం దాటలేదు.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారి అమ్మను మామ్మ అనేవాళ్ళం. చుట్టుపక్కల ఏ ఇంట పెళ్ళయినా ఆడపెళ్ళివారి తరఫున వియ్యపురాలి పాటలు పాడడానికి ఆవిణ్ణి పిలిచేవారు. మగపెళ్ళివారు భోజనాలకు కూర్చున్నప్పుడు పెళ్ళికొడుకు తల్లిని పేరు పెట్టి ఎగతాళి చేసే పాటలవి. ఆవిడ తిండి, ఆవిడ నడక, ఆవిడ పిసినారితనం అన్నీ కల్పించి పాడతారు. ఆవిడ కోప్పడకూడదు. నవ్వి, తన వంతు రాగానే అంతకు రెట్టింపు ఎగతాళితో జవాబు పాడాలి. ఆ తర్వాత ఇద్దరూ గంధం రాసుకుని తాంబూలం ఇచ్చుకుంటే అక్కడితో చెల్లు. విస్తళ్ళతో పాటే ఆ మాటల్నీ ఎత్తేసేవారు.

మా మేనత్త పెళ్ళి పలివెల వాళ్ళబ్బాయితో జరిగింది. ఆ రోజు మామ్మ తన కొత్త వియ్యపురాలి మీద కట్టిన పాట పందిరంతటినీ నవ్వించింది.

పట్టుచీర వదినమ్మ పంక్తిలో కూచుంది
చెయ్యేమో విస్తట్లో, చూపేమో బుట్టమీద
కుచ్చిళ్ళు దులిపితే కొబ్బరిలౌజులు రాలె

'వదినమ్మ' అన్నచోట అసలు పాటలో ఆవిడ ఇంటిపేరూ పేరూ ఉన్నాయి. ఆవిడ జవాబు అందుకోబోతుండగా వాన ముంచుకొచ్చింది. చీకటి పడకముందే వైనతేయ పాయ పడవ మీద దాటాలని మగవాళ్ళు తొందరపెట్టారు. "నా వంతు ఉండిపోయిందండీ వదినగారూ" అంటూనే ఆవిడ బండెక్కారు.

ఆ తర్వాత కొద్ది రోజులకు, ఒక విశ్వవిద్యాలయం తరఫున పుస్తకాలు వేసే ప్రెస్సు నుంచి ఒకాయన మా ఊరు వచ్చారు. ఈ ప్రాంతపు ఆటలూ పాటలూ వేషాలూ మరుగున పడకముందే అచ్చు వేయించాలని ఊరూరా తిరుగుతున్నారు. అరుగు మీద చాప వేశాం. మామ్మ మొదట సిగ్గుపడింది. "వియ్యపురాలు లేకుండా ఏం పాడతానండీ, గోడ మీదా?" అంది. ఎదురుగా ఎవరో ఒకరున్నారని అనుకుంటేగానీ ఆవిడకు గొంతు పెగలదు. అందుకని ఆయన బతిమాలగా బతిమాలగా మొన్నటి పెళ్ళిపాటే పేర్లతో సహా పాడింది. ఆయన ఒక్క ముక్క పోకుండా రాసుకున్నారు. పాడినది పాడినట్టే అచ్చు వేయడం తమ పద్ధతి అన్నారు. అది మంచి పద్ధతే. కానీ దీనికి అవతలివారి జవాబు ఒకటి ఉంటుందా అని ఆయన అడగలేదు, ఉంటుందని చెప్పాలని మామ్మకు తోచలేదు. పాట అన్నాక పాడేస్తే అయిపోతుందనే ఆవిడ ఎరుగును. అచ్చులో అది అలాగే ఉండిపోతుందన్న సంగతి ఆవిడకు తట్టలేదు.

మరుసటి ఏడు పుస్తకం వచ్చింది. నాన్నగారు పొంగిపోయి మరికొన్ని ప్రతులు కొని తెలిసినవాళ్ళకు పంచారు, ఒకటి గ్రంథాలయానికి ఇచ్చారు. మా బళ్ళో మాస్టారు ఆ పాట చదివి వినిపించి నన్ను లేచి నిలబడమన్నారు. ఆ రోజంతా నా అంతటిది లేదనుకున్నాను.

పందిట్లో ఆడవాళ్ళ మధ్య అన్న మాట కాఫీ హోటల్లో మగవాళ్ళ నోట పడేసరికి రంగు మారిపోయింది. అక్కడ పందిరి లేదు, గంధం లేదు, జవాబు లేదు. ఫలానా ఇంటావిడ పెళ్ళిలో మిఠాయి దొంగిలించిందట, యూనివర్సిటీ వాళ్ళు పుస్తకంలో కూడా వేశారట అని చెప్పుకున్నారు. పలివెలలో ఆవిడ వీధిలోకి వస్తే కుర్రాళ్ళు "లౌజుల మామ్మగారొస్తున్నారు" అంటున్నారని, ఆవిడ గుడికి వెళ్ళడం కూడా మానేశారని గాజులమ్ముకునే ఆవిడ వచ్చి చెప్పింది.

మామ్మ అన్నం ముందునుంచి లేచిపోయింది. "ఆ పుస్తకాలన్నీ వెనక్కి తెప్పించెయ్యి నాన్నా" అని నాన్నగారిని అడిగింది. "జనం చేతుల్లోకి పోయినవి ఎలా వస్తాయమ్మా" అన్నారాయన. ఆ తర్వాత ఎవరు పెళ్ళికి పిలిచినా గొంతు బాగాలేదని చెప్పించేది.

అప్పటికి మా అత్తయ్యకు ఏడో నెల. పురిటికి తీసుకురావడానికి పుట్టింటివాళ్ళం వెళ్ళాలి. మంచిరోజు చూసుకున్నారు. ఆ రోజు వచ్చింది, పోయింది, ఎవరూ బయల్దేరలేదు. "ఏ మొహం పెట్టుకుని వాళ్ళ గుమ్మంలో నిలబడతాం? పిల్లని పంపనంటే నోరెత్తడానికి ఉందా?" అనేది మామ్మ. అత్తయ్య దగ్గర్నుంచి కార్డులు రావడం కూడా ఆగిపోయింది. ఆ ఇంట్లో తన మీద ఏ మాటలు పడుతున్నాయోనని అందరికీ భయం. బళ్ళో ఎవరైనా ఆ పాట కూనిరాగం తీస్తే నేను తలెత్తేదాన్ని కాదు.

ఒక మధ్యాహ్నం పలివెల అమ్మమ్మగారు, అంటే మా అత్తయ్య అత్తగారు, ఒక్కరే మా ఇంటికి వచ్చారు. చేతిలో ఆ పుస్తకం ఉంది. నాన్నగారు కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"వదినగారేరండీ?"

మామ్మ వంటింట్లోంచి వచ్చి తల వంచుకుని నిలబడింది. "క్షమించమనడానికి కూడా నోరు రావట్లేదండీ" అంది.

"క్షమించడానికి రాలేదండీ. ఆ పాట పాడండి."

"ఆ పాటా?"

"ఆయ్. నా ఎదురుగా పాడండి. ఊరంతా పాడుతున్నారు, కట్టినావిడ నోట విని ఏడాదయ్యింది."

మామ్మ పాడలేకపోయింది. మొదటి ముక్క దగ్గరే ఆగిపోయింది. పందిళ్ళు దద్దరిల్లేలా పాడే మనిషి పాఠం అప్పజెప్పలేని పిల్లలా నిలబడి ఉంటే, చూడలేక నేను గోడకేసి తిరిగాను. అంతలో అమ్మమ్మగారు పుస్తకం గూట్లో పెట్టి, చాప మీద తాపీగా కూర్చుని తనే అందుకున్నారు.

కుచ్చిట్లో దాచింది తినడానికి కాదమ్మా
రాజోలు వదినమ్మ రాళ్ళలౌజు చేసింది
మా ఇంట రుబ్బురోలికి పొత్రం లేకపోయె

ముందు మా అమ్మకు నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ్మ చేస్తే లౌజు పాకం ముదిరి రాయవుతుందని మా ఇంట్లో అందరికీ తెలుసు, అనే ధైర్యం ఎవరికీ లేదు. తర్వాత మామ్మ నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూనే.

"రాసుకో బాబూ" అన్నారు అమ్మమ్మగారు నాన్నగారితో. "ఆ ప్రెస్సాయనకి పంపించు. సగం పాట పట్టుకుపోయేరు పాపం."

"పేర్లు తీసెయ్యమని కూడా రాస్తానండీ అత్తయ్యగారూ."

"వద్దు. నా పేరు తీసేస్తే మరి జవాబెవరు చెప్పినట్టు?"

అప్పుడు మామ్మ మెల్లిగా అడిగింది. "అమ్మాయి ఎలా ఉందండీ?"

"మీ పక్కింటి అరుగు మీద కూర్చోబెట్టి వచ్చేనండీ. మీరెలాగూ రారని నేనే తీసుకొచ్చేను. నేను పాడేటప్పుడు ఇక్కడుంటే ఎవరి వైపు నవ్వాలో తెలీక నలిగిపోద్ది."

అమ్మ పరుగున వెళ్ళి అత్తయ్యను తీసుకొచ్చింది. మామ్మ సానరాయి మీద గంధం తీసింది. పెళ్ళినాడు రాసుకోవలసిన గంధం ఆ రోజు ఇద్దరూ రాసుకున్నారు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో అమ్మమ్మగారు ఆగి, "నాకు బాధ కలగలేదనుకోకండి వదినగారూ. కలిగింది. అందుకే జవాబు కట్టడానికి ఇన్నాళ్ళు పట్టింది" అన్నారు. ఆ మాటకు మామ్మ మళ్ళీ తల దించుకుంది. నవ్వు వచ్చినంత మాత్రాన సిగ్గు పోలేదు, పోవలసినది కూడా కాదేమో.

తర్వాతి ముద్రణలో ఆ ప్రెస్సువారు రెండు పాటల్నీ ఎదురెదురు పేజీల్లో వేశారు. ఎడమ పేజీలో మా మామ్మ, కుడి పేజీలో ఆవిడ. ఆ ప్రతి ఇప్పటికీ నా దగ్గర ఉంది. మామ్మ మళ్ళీ పాడింది గానీ, అవతల జవాబు పాడే మనిషి కూర్చున్నాకే మొదలుపెట్టేది.

నాకు డైరీ అలవాటైన నాటి నుంచి అదే పద్ధతి. ఎవరి గురించి రాసినా ఎడమ పేజీలోనే రాస్తాను. కుడి పేజీ వాళ్ళది. అడిగి తెలుసుకుని, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు అక్కడ రాయాలని నియమం. రిటైరయ్యాక పాత డైరీలు వరసగా తీసి చూస్తుంటే ఎడమ పేజీలు నిండుగా ఉన్నాయి, కుడి పేజీలు చాలావరకు తెల్లగా ఉన్నాయి. వాటిని చూసినప్పుడల్లా గుమ్మం దాటలేని మామ్మ గుర్తొస్తుంది. నాతో ఆఫీసులో పనిచేసిన ఒకావిడ మీద ఒకచోట పేజీ నిండా రాసుకున్నాను. ఆవిడిప్పుడు అమలాపురంలో ఉంటున్నారు. రేపు వెళ్తున్నాను. డైరీ సంచిలో పెట్టుకున్నాను, పెన్ను ఆవిడ చేతికే ఇస్తాను.