గాలి చొరని గది

జడ్చర్లలో మేముండే కిరాయి ఇంట్లో పొద్దున్నే బాత్రూం తలుపు ఒకసారి మూసుకుందంటే తొందరగా తెరుచుకోదు. లోపల నా కూతురు ఉంటుంది. పదేళ్లు దాటిన పిల్లకు ఆ నాలుగు గోడల మధ్య అంత రాచకార్యం ఏముంటుందో నాకు అంతుపట్టదు. పాటలు మాత్రం వినిపిస్తాయి. మొన్న ఆదివారం తువ్వాల భుజాన వేసుకుని తలుపు ముందు నిలబడి ఉండగా లోపల ఫ్లష్ నొక్కిన చప్పుడైంది. నీళ్లు వెంటనే దిగలేదు. గుడగుడమంటూ, గొంతులో మెతుకు అడ్డం పడ్డట్టు ఆగి, కాసేపటికి ఎట్లాగో దిగాయి. మా ఆయన నల్లా పనిచేసే మనిషిని పిలుస్తానన్నాడు. "ముందు మిద్దెక్కి గాలి గొట్టం చూసి రా" అన్నాను నేను. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు.

మా బాపు అచ్చంపేట దగ్గర పల్లెలో గొర్రెలు కాసేవాడు. రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను తొలి కాన్పుకు పుట్టింటికి పోయేసరికి ఇంటికి ఆనించి కొత్తగా ఒక గది, దాని లోపలే ఒక బాత్రూం కట్టించి పెట్టాడు. అప్పటిదాకా మా ఇంటి ఆడవాళ్లంతా కంపచెట్ల చాటుకు పోయినవాళ్లే. "నా బిడ్డ పచ్చి ఒంటితోని చేన్లెంబడి పోవద్దు" అని ఆయన పంతం. కూర్చునే కమోడు, దాని వెనక తెల్లటి నీళ్ల ట్యాంకు. చూడటానికి చుట్టాలు వరసగా వచ్చారు, నన్ను కాదు, దాన్ని. మా అవ్వ, అంటే బాపును కన్నతల్లి, ఒకే ఒకసారి తొంగిచూసి, "అన్నం తినే ఇంట్లనే గిదేం పనిరా!" అని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చెంబుతో చేలవైపు నడిచింది.

బిడ్డతో దవాఖాన నుంచి వచ్చిన రోజున ఆ గదిలోకి అడుగుపెట్టాను. ఇక అంతే, నేను అవ్వ రాజ్యంలో ఖైదీని. పురుడు వెళ్లేదాకా నేను గడప దాటకూడదు, మగవాళ్లు గడప లోపలికి రాకూడదు. చల్లనీళ్లలో వేలు ముంచకూడదు. అన్నిటికంటే పెద్ద శత్రువు గాలి. బాలింత ఒంట్లోకి గాలి చొరబడితే ముసలితనందాకా వదలదట. అవ్వ కిటికీ సందుల్లో పాతగుడ్డలు కుక్కింది, వెంటిలేటరుకు గోనెసంచి కట్టింది, నా చెవుల్లో దూది పెట్టి తలకు రుమాలు చుట్టింది. బయట మిద్దెమీద మిరపకాయలు ఎండే ఎండ, లోపల మంచం కింద కుంపటి. ఇడ్లీపాత్రలో పెట్టి మూత వేసినట్టు ఉండేది నా పని. పగలో రాత్రో బిడ్డ ఏడుపును బట్టి తెలుసుకోవాల్సి వచ్చేది.

అట్లాంటి సమయంలో ఆ కమోడు మొరాయించింది. మీట నొక్కితే నీళ్లు అంచుదాకా పొంగి, గుడగుడమని, ఎంతకీ దిగేవి కావు. అమ్మ బకెట్లతో పోసినా అదే వరస. వాసన ఆ గదిలోనే, నాతోపాటే ఉండేది. బాపు నల్లా పని మనిషిని పిలుచుకొచ్చాడు. అవ్వ గడపకు అడ్డంగా కూర్చుంది. "నన్ను లోపటికి రానియ్యకుంటే నేనేం జేసుడు?" అని అతను వాకిట్లో చాయ్ తాగి వెళ్లిపోయాడు. ఇక బాపే రంగంలోకి దిగాడు, మూసిన కిటికీకి అవతలి నుంచి.

"ట్యాంకు మూత తియ్యి! లోపట నీళ్ల మీద తేలే బుడ్డ పైకి లేస్తాందా?"

నేను చల్లనీళ్లు ముట్టకూడదు గదా! ఆ కమోడును చూస్తేనే ముక్కు మూసుకునే అవ్వ మోచేతిదాకా ట్యాంకులో చేయిపెట్టి నిలబడింది. "లేస్తాందిరా, నీ లెక్కనే తాపీగ లేస్తాంది!" అని అరిచింది. నేను నవ్వితే కుట్లు నొప్పి పుట్టాయి. అంతసేపు తంటాలు పడ్డా నీళ్లు మాత్రం దిగలేదు.

అమ్మ నా కోసం ఊపిరి బిగబట్టి ఆ బకెట్లు మోయడం చూడలేక నేను నీళ్లు తాగడం మానేశాను. అసలే బాలింతకు కొలిచి ఇచ్చే వేడినీళ్లు. అవి కూడా కుంపటి పక్కన వంపేసేదాన్ని. పథ్యం అన్నం నాలుగు ముద్దలు తిని చాలనేదాన్ని. రెండుమూడు రోజులకే పాలు తగ్గిపోయాయి. బిడ్డ చీకి చీకి, ఏమీ రాక, మొహం ఎర్రగా చేసుకుని ఏడ్చేది. ఆ ఏడుపు ఆ మూసిన గదిలో తిరిగి తిరిగి నా మీదికే వచ్చేది. ఎక్కడికి పారిపోను? నాకూ ఏడుపొచ్చేది.

కుంపటి పక్కన తడి అవ్వే కనిపెట్టింది. తిడుతుందనుకున్నాను. నా పక్కన మంచం మీద కూర్చుని మెల్లగా అంది. "నాకెర్కలేదా బిడ్డా? పొద్దంత మందెంబడి తిరిగేదాన్ని, సుట్టూ మొగోళ్లు. పొద్దు గూకేదాక నీళ్లు ముట్టకపోయేది. పాలు పడక మీ బాపుకు మేకపాలు పట్టిచ్చిన. గా తిప్పలు నీకొద్దు."

అని లేచి, నా ఒంటికి రాయడానికి బాపు తెచ్చిన నువ్వుల నూనె డబ్బా ముందు పెట్టుకుంది. ఇనుప మేకుతో మూతకు ఒక బొక్క కొట్టి గిన్నెలోకి వంచింది. నూనె రాలేదు. గుడగుడమని ఒక గుటక వచ్చి ఆగింది, మళ్లీ గుడగుడ. అలవాటుగా అవతలి మూల ఇంకో బొక్క కొట్టింది. నూనె ధారగా పడింది.

"అవ్వా, గదే సప్పుడు" అన్నాను నేను.

అవ్వ డబ్బా కిందపెట్టింది. నా మొహం చూసింది, బాత్రూం వైపు చూసింది. లేచి బయటికి పోయింది. మూలుగుతూ మిద్దె మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించింది. దిగి వచ్చేసరికి చేతిలో మట్టి పూసిన గుడ్డముద్ద ఉంది. మిరపకాయలు ఎండబోయడానికి పోయినప్పుడు మిద్దెమీద ఒక గొట్టం నోరు తెరుచుకుని కనిపించిందట. ఆ గొట్టం ఏ గదిలోకి దిగుతుందో చూసుకుని, "బాలింత రూములకు గాలి పోతాంది" అని గట్టిగా బిగించి వచ్చిందట. నాకు గాలి తగలకూడదని ఆమె పడ్డ తిప్పలన్నిటిలోకీ అదే బాగా పనిచేసింది, కాకపోతే గాలి ఆడకుండా పోయింది కమోడుకు.

మీట నొక్కింది. నీళ్లు దభాలున దిగిపోయాయి. కిటికీ అవతల బాపు, "సూసిన్రా! నేను జెప్పినట్టు బుడ్డ సరిజేస్తే అయ్యిందా లేదా?" అని వాకిలంతా వినిపించేలా అన్నాడు. అవ్వ నా వైపు చూసి పెదవి మీద వేలు పెట్టుకుంది. ఆ పూట చెంబెడు వేడినీళ్లు తెచ్చి నాతో ఆఖరి గుక్కదాకా తాగించింది. కొలత సంగతి మరిచిపోయినట్టే ఉంది. పాలు మళ్లీ పడటానికి ఎక్కువ రోజులు పట్టలేదు. బిడ్డ తాగుతూ తాగుతూ నిద్రపోతే నేను కదలకుండా ఎంతసేపో కూర్చున్నాను.

పురుడు వెళ్లి, నేను అత్తగారింటికి ప్రయాణమైన రోజు, మిట్ట మధ్యాహ్నం అవ్వ చెంబు పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చింది. "దీనికి గడియ యాడుంటది?" అని బాత్రూం తలుపు వైపు చూస్తూ గొంతు తగ్గించి అడిగింది. చూపించాను. లోపలికి పోయి గడియ పెట్టుకుంది. వాకిట్లో బండి హారను కొడుతూనే ఉంది, బాపు కేకలేస్తూనే ఉన్నాడు. నేను బిడ్డను భుజాన వేసుకుని ఆ తలుపు ముందే నిలబడ్డాను.

ఆ భుజం మీది బిడ్డే ఇప్పుడు లోపల పాటలు వింటోంది. అవ్వ లేదు, తలుపు ముందు నా కాపలా మాత్రం అట్లాగే ఉంది. చీకటి పడేదాకా కాచుకున్న ఆమె కాలం ఎంత పొడుగో తలుచుకుంటే, ఈ పిల్లను తొందరగా రమ్మని తలుపు కొట్టడానికి నాకు చెయ్యి రాదు.